బాపమ్మ బిళ్లలు ఎందుకు ఆపిందంటే

హనుమకొండ,
ఆదివారం పొద్దుగాల

చిన్నీ,

మొన్న నువ్వు ఫోన్ చేసి, "బాపూ, వరంగల్ జిమ్ముల మీద స్పెషల్ ప్యాకేజీ చేస్తున్నం. స్టెరాయిడ్లు తీసుకున్న పోరగాళ్లు నీ స్టూడెంట్లలో ఎవరన్న ఉంటే నంబర్ ఇయ్యి. నువ్వు గూడ కెమెరా ముందట నాలుగు మాటలు, ఒక బైట్ ఇస్తే మంచిగుంటది" అన్నవు. నేను చటుక్కున ఫోన్ పెట్టేసిన. "బిడ్డ మీద గంత కోపమేంది" అని మీ అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలే. కోపం నీ మీద కాదు. నీకు చెప్పని సంగతి ఒకటి కడుపులో పెట్టుకుని తిరుగుతున్న, నువ్వు ఆ మాట అనంగనే అది గుచ్చుకున్నది. ఫోన్లో చెప్తే సగంలో నీకు ఇంకో కాల్ వస్తది, అందుకని రాస్తున్న. హాజరు పట్టీలు, గెలుపు పత్రాలు తప్ప ఏం రాయని పీఈటీ చెయ్యి ఇది. తప్పులుంటే దిద్దుకో, టీవీ న్యూస్ డెస్కు మీద నీ పని అదే కద.

సంక్రాంతి ముందర బాపమ్మ దవాఖానల పడ్డది. "నీరసం, బీపీ తగ్గింది" అని నీకు చెప్పినం. బీపీ ఎందుకు తగ్గిందో చెప్పలే.

ఆమెకు కీళ్లవాతం ఉన్నది, నీకు తెలుసు. ఏండ్ల సంది రోజుకొకటి వైసోలోన్ బిళ్ల, పొద్దుగాల తిన్నంక. మొదటిసారి రాసిచ్చిననాడే డాక్టర్ చెప్పిండు: "అవ్వా, ఇది స్టెరాయిడ్. నన్ను అడగకుండ ఒక్కనాడు గూడ ఆపొద్దు." బాపమ్మకు ఆ ఇంగ్లీషు మాట మంచిగ యాదికున్నది. దాని వెనకాల చెప్పిన మాట మర్చిపోయింది.

ఒకనాడు రాత్రి బువ్వ తింటూ టీవీ చూస్తున్నం. ఎక్కడో జిమ్ములో ఒక పిలగాడు కుప్పకూలిండట. తెర నిండ ఎర్రటి అక్షరాలు, గిర్రున తిరిగే సిరంజి, దెయ్యాల సినిమా సంగీతం. యాంకర్ గొంతు చించుకుంటున్నడు: స్టెరాయిడ్ అంటే విషమట, మెల్లగ చంపుతదట, మీ ఇంట్లో ఉన్నదేమో చూసుకోండని గూడ అన్నడు. బాపమ్మకు చదువు రాదు గానీ చెవులు పాము చెవులు. కంచంలో చెయ్యి ఆపి వినుడు నేను చూసిన, పట్టించుకోలే. అది మీ ఛానెల్ కాదులే, పక్కది. కానీ రిమోట్ ఒక్కటి నొక్కితే మీది, ఏమంత దూరం?

ఐదోనాడు పొద్దుగాల ఆమె మంచం దిగలే. రెండుసార్లు వాంతి చేసుకున్నది. చెయ్యి పట్టుకుంటే చల్లగ, చెమటతో జారిపోయింది. దవాఖానకు తీస్కపోతే బీపీ 80 మీద 50. డ్యూటీ డాక్టరమ్మ చిన్న పిల్ల, నీ ఈడుది ఉంటది. బీపీ చూసి, పాత చీటీలు తిరగేసి, "బిళ్లలు ఏమన్న ఆపిన్రా?" అని అడిగింది. లేదు మేడమ్, రోజూ మేమే ఇస్తున్నం అని నేను గట్టిగ చెప్పిన. అప్పుడు బాపమ్మ కండ్లు మూసుకునే అన్నది: "టీవీల ఇసమని చెప్పిన్రు గద కొడుకా."

రక్తనాళంలోకి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టిన్రు. పొద్దుగూకేసరికి లేచి కూచుని, చాయ్ ఏదని అడిగింది. ఆమెను బతికించిన ఆ ఇంజెక్షన్ గూడ స్టెరాయిడే బిడ్డా.

తెల్లారి మీ అమ్మ తులసి గద్దె కాడ నీళ్లు పోస్తుంటే మట్టిలో ఏదో కనబడ్డదట. వేలితో గెలికితే నాలుగు బిళ్లలు, సగం కరిగి మెత్తగ అయినయి. నోట్లో వేసుకున్నట్టు చేసి, చెంగున దాచి, రోజూ అక్కడ పాతిపెట్టింది. చెత్త డబ్బాల ఎందుకు వెయ్యలేదంటే, కుక్కలు తింటే సస్తయని భయమట.

డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చెప్పింది. మూత్రపిండాల మీద టోపీ పెట్టినట్టు అడ్రినల్ గ్రంథులు ఉంటయి. కార్టిసాల్ అనేది తయారు చేసుడు వాటి పని. అది లేకుంటే బీపీ నిలబడదు, జ్వరం వచ్చినా దెబ్బ తగిలినా ఒళ్లు తట్టుకోదు. అదే పని చేసే మందు బయటినుంచి బిళ్ల రూపంలో రోజూ వస్తుంటే, ఆ గ్రంథులు ఇగ మనతో పనిలేదని నిద్రపోతయి. బిళ్ల ఒక్కసారి ఆపితే అవి వెంటనే లేవవు. అందుకే డాక్టర్లు వారాలు, నెలలు పట్టి కొంచెం కొంచెం తగ్గిస్తరు. ఎండాకాలం సెలవుల నుంచి వచ్చిన పిల్లలను మొదటిరోజే 1500 మీటర్లు ఉరికిస్తే ఏమైతదో నాకు తెలుసు, గ్రంథి సంగతి గూడ గంతే అనుకున్న.

ఇక్కడనే మీ టీవీల మోసం ఉన్నది. మోసమంటే నీకు కోపం వస్తది, పోనీ బద్ధకం అనుకో. స్టెరాయిడ్ అనేది ఇంటిపేరు అసుంటిది. బాపమ్మ మింగే వైసోలోన్‌లో ఉన్న ప్రెడ్నిసోలోన్‌ది అదే ఇంటిపేరు, ఆయాసం ఉన్నోళ్లు పీల్చే ఇన్‌హేలర్లలో చాలావాటిది అదే, జిమ్ముల పొడుచుకునే నాండ్రోలోన్‌ది గూడ అదే. మగవాళ్లలో పుట్టే టెస్టోస్టెరాన్ గూడ ఆ ఇంటిదే. కానీ కండలు పెంచేది వేరు, వాపు తగ్గించేది వేరు. బాపమ్మ బిళ్ల ఎక్కువైతే కండ పెరుగుడు కాదు, కరుగుతది. ఒకే ఇంటిపేరు ఉన్నదని ఊరందరినీ ఒకే కేసులో ఇరికిస్తే ఎట్ల? కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను 1948లో అమెరికాలో ఇస్తే గొప్ప గుణం మొదట కనబడ్డది కీళ్లవాతం ఉన్న మనిషిలోనే, అంటే బాపమ్మ రోగానికే. రెండేండ్లకు, 1950లో, ఆ పని చేసినోళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ముక్క మీ ప్యాకేజీల ఎన్నడన్న విన్నవా?

కరోనప్పటి సంగతి యాదికి తెచ్చుకో. 2020 జూన్‌లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కరోనాకు పని చేస్తున్నదని ఇంగ్లండ్ నుంచి కబురు వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్నోళ్లలో చావులు దాదాపు మూడోవంతు తగ్గినయి. ఆక్సిజన్ అవసరం లేనోళ్లకు లాభమేం లేదని గూడ అదే పరిశోధన చెప్పింది. టీవీలు మొదటి ముక్క పట్టుకుని సంజీవని అన్నయి, రెండోది మింగినయి. మందుల దుకాణాల ముందట జనం డెక్సా డెక్సా అని ఎగబడ్డరు. మళ్ల ఏడాదికి బ్లాక్ ఫంగస్ రాంగనే అదే స్టెరాయిడ్ యముడైంది. షుగర్ అదుపు తప్పినోళ్లకు, అవసరం లేకున్నా, మోతాదు మించి ఎక్కించుడు ముప్పు తెచ్చింది, నిజమే. మందు అయితే అదే మందు. మారింది మీ సంగీతం.

నేను జిమ్ము పోరగాళ్లను వెనకేసుకొస్తున్న అనుకోకు. నీకు నంబర్ ఇయ్యనన్న పిలగాడు ఒకడు నిజంగనే ఉన్నడు. నా దగ్గర గోళా విసిరినోడు. రెండేండ్ల కింద ఒకనాడు రాత్రి ఇంటికి వచ్చి, మీ అమ్మ లోపలికి పోయినంక అంగీ విప్పి చూపెట్టిండు. వీపు నిండ చీము పొక్కులు, ఆడపిల్లకు వచ్చినట్టు ఛాతీ ఉబ్బింది. "మూడు సైకిళ్లు వేసిన సార్, డెకా, డీబాల్" అని తల దించుకున్నడు. డెకా, డీబాల్ అంటే కండలు పెంచే స్టెరాయిడ్ల పేర్లు. సైకిల్ అంటే ఏందో నాకు వాడే చెప్పిండు, ఇన్ని వారాలు పొడుచుకుని కొన్ని వారాలు ఆపుడట. లగ్గమై ఏడాదిన్నర దాటినా పిల్లల్లేరు. బయటినుంచి టెస్టోస్టెరాన్ అసుంటిది పోస్తుంటే ఒంట్లో పుట్టేది బంద్ అయితది, వీర్యకణాలు పడిపోతయి. బాపమ్మ గ్రంథులు నిద్రపోయినట్టే ఇది గూడ.

"ఇన్ని రోజులు డాక్టర్ దగ్గరికి ఎందుకు పోలేదురా?" అని అడిగిన. "టీవీల మావోళ్లను దొంగల లెక్క చూపెడ్తరు గద సార్, పోలీసులకు చెప్తరేమో అనుకున్న" అన్నడు. నాకు ఏం మాట రాలే. హార్మోన్ల డాక్టర్ దగ్గరికి నేనే వెంట తీస్కపోయిన. వాడికి ఆ సీసాలు అమ్మిన మనిషి ఏ టీవీలోనూ కనబడలే. డాక్టర్ చీటీ లేకుండ అమ్మకూడని మందు అది. మీరు మటుకు ప్రోటీన్ పొడి డబ్బా చూపెట్టి కింద స్టెరాయిడ్ అని రాస్తరు. ప్రోటీన్ పొడి, స్టెరాయిడ్ ఒకటి కావు. ఇంకోటి, మొగోళ్ల కండలు చూపెడ్తరు గానీ, తెల్లగ కావాలని ఆడపిల్లలు చీటీ లేకుండ కొనుక్కుని ఏండ్లకేండ్లు రాసుకునే స్టెరాయిడ్ క్రీముల మీద గంట ప్రోగ్రాం నేనైతే చూడలే. మొఖం చర్మం పల్చబడి, ఎర్రబారి, వెంట్రుకలు మొలుస్తయి. ఊర్లల్ల జ్వరమన్నా నడుం నొప్పన్నా డెక్సా పొడిచే సూది డాక్టర్ల మీద గూడ చూడలే. కండల మీద కెమెరా మంచిగ నిలబడ్తదేమో.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్త. ఇది నా ఆటల పిచ్చి, కొంచెం ఓపిక పట్టు.

2021 సెప్టెంబర్‌లో మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ అయినయి కద. ఆడపిల్లల 1500 మీటర్లలో పంజాబ్ పిల్ల హర్‌మిలన్ బైన్స్ ఆఖరి ల్యాప్ ఉరుకుతుంటే నేను గడియారం దిక్కే చూస్తున్న. 4 నిమిషాల 5.39 సెకండ్లు. పక్కనోళ్లు "నేషనల్ రికార్డ్, నేషనల్ రికార్డ్" అని ఎగురుతున్నరు. నా కండ్లల్లో మటుకు నీళ్లు. ఆ పిల్ల కొట్టింది ఎవరి రికార్డో తెలుసా? సునీతా రాణిది, 4 నిమిషాల 6.03, బుసాన్ ఏషియాడ్, 2002. పందొమ్మిదేండ్లు నిలిచింది.

బుసాన్‌లో సునీత 1500లో బంగారం, 5000లో కంచు గెలిచింది. వెంటనే నాండ్రోలోన్ దొరికిందన్నరు, పతకాలు గుంజుకున్నరు. మా స్కూల్ స్టాఫ్ రూములో నా దిక్కు చూసి ఒక సారు నవ్విండు: "మీ ఆటలోళ్ల బంగారమంతా ఇంతేనా మాస్టారూ?" ఆ వార్త రోజులకు రోజులు నడిచింది. తర్వాత చూస్తే ల్యాబ్ పరీక్షల్లోనే పొంతన కుదరలే. 2003లో ఆమె నిర్దోషి అని తేల్చి పతకాలు తిరిగిచ్చిన్రు. ఆ ముక్క నేను పేపర్లో లోపలి పేజీలో, ఒక మూలకు చదివిన. కత్తిరించి స్టాఫ్ రూం బోర్డుకు పిన్నుతో గుచ్చిన. నవ్విన సారు దాని కిందనే నిలబడి చాయ్ తాగిండు, తల ఎత్తి చూడలే.

హర్‌మిలన్ తల్లి మాధురి గూడ అదే బుసాన్‌లో 800 మీటర్లలో వెండి గెలిచింది. అమ్మ ఉరికిన ఆటల్లో పుట్టిన రికార్డును బిడ్డ వచ్చి మన హనుమకొండలో కొట్టింది. మీ టీవీలకు ఇంతకంటె మంచి కథ ఏం కావాలె? మర్నాడు ఎన్ని నిమిషాలు చూపెట్టిన్రో నేను లెక్కపెట్టిన గానీ, ఆ లెక్క ఇప్పుడెందుకులే.

ఆటలోళ్లు అందరూ కడిగిన ముత్యాలని నేను అనను. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా బెన్ జాన్సన్ 100 మీటర్లు 9.79 సెకండ్లల్ల ఉరికితే హాస్టల్ టీవీ ముందట చప్పట్లు కొట్టిన వాళ్లల్ల నేనొకణ్ని. మూడు రోజులకు స్టానజోలాల్ అనే కండల స్టెరాయిడ్ దొరికింది, పతకం పోయింది, అది న్యాయమే. కానీ ఆ బంగారం అందుకున్న కార్ల్ లూయిస్ గూడ అదే ఏడు అమెరికా ట్రయల్స్‌లో వేరే ఉత్తేజక మందులకు పాజిటివ్ వచ్చిండని లోకానికి తెలిసింది 2003లో. నల్లరంగు పూసేటప్పుడు ఒకని మొఖమే దొరుకుతది టీవీకి.

సరే, బైట్ ఇస్త. కానీ ప్యాకేజీ నడిచినంతసేపు కింద స్క్రోల్‌లో "డాక్టర్ రాసిన స్టెరాయిడ్ మందులు సొంతంగా ఆపొద్దు" అని పోవాలె, అది నువ్వే రాయాలె. ఉత్త స్టెరాయిడ్ అని కాకుండ "కండల కోసం వాడే" అని ముందర కలుపు, రెండు మాటలే కద, జాగ సరిపోతది. ఎవడన్న జిమ్ములో పడిపోతే పోస్టుమార్టం అయి, ల్యాబ్ రిపోర్ట్ రావడానికి వారాలు పడ్తది, మీ ప్యానెల్ అరగంటలో తేలుస్తది. నీ చేతులున్నంత మటుకు ఆ అరగంట ఆపు. మీ సీనియర్ తిడితే తిట్టనీ. పిలగాడి నంబర్ ఇయ్యను. వాణ్ని అడుగుత, వాడు సరేనంటే వాడే నీకు ఫోన్ చేస్తడు, మొఖం మసక చేస్తరా లేదా అని ముందే అడుగుతడు.

బాపమ్మ మీద కోపం చెయ్యకు. సాయంత్రం పక్కింటోళ్లు వస్తే మీ ఛానెల్ పెట్టి, కింద ఉరికే అక్షరాలు చూపెట్టి, "గవన్నీ మా పోరి రాసినయే" అంటది. నీ డ్యూటీ లేనినాడు గూడ అట్లనే అంటది.

వచ్చే శనివారం కాజీపేటలో దిగంగనే ఫోన్ చెయ్, బండి తీస్కొని వస్త.

మీ బాపు

తా.క.: బిళ్ల ఇప్పుడు మీ అమ్మే ఇస్తున్నది. నీళ్లు తాగి నోరు తెరిచి చూపెట్టేదాక ఎదురుంగ నిలబడ్తది. అయినా పొద్దుగాల ఒకసారి తులసి గద్దె కాడ మట్టి గెలికి చూసి వస్తున్నది.