వెండి మీద ఆ ‘నానో’ పూత జీవితాంతం ఉంటుందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పండగలొస్తే చాలు, వెండి సామాన్ల ప్రకటనల్లో ‘నానో కోటింగ్, జీవితాంతం నల్లబడదు’ అని కనిపిస్తోంది. అలాంటి పూత ఉన్న మాట నిజమే, ఆ ‘జీవితాంతం’ దగ్గరే నా గొడవ.

వెండి నల్లబడేది గాలిలో ఉండే సల్ఫర్ వాయువుల వల్ల. విచిత్రం ఏంటంటే, దాన్ని ఆపడానికి వాడే కొన్ని ద్రావణాల్లో పనిచేసేదీ సల్ఫరే, థయోల్ రూపంలో (కార్బన్ గొలుసు చివర సల్ఫర్-హైడ్రోజన్ జత ఉన్న పదార్థాన్ని థయోల్ అంటారు). గ్యాస్ లీకైతే కంపు కొట్టే ఇథైల్ మెర్‌కాప్టాన్ కూడా థయోలే, కాకపోతే పూతకి 16, 18 కార్బన్ల పొడుగు గొలుసులున్నవి వాడతారు.

ల్యాబుల్లో ఈ థయోల్ పూతని ఎక్కువగా బంగారం మీద వేస్తారు, పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. లీటరు ఇథనాల్‌లో పావు గ్రాము థయోల్ కలిపి శుభ్రమైన బంగారు రేకు ముంచితే, సల్ఫర్ చివర లోహాన్ని పట్టేసుకుని నిమిషాల్లో ఉపరితలం దాదాపు నిండిపోతుంది, కానీ అప్పటికి అంతా గజిబిజి, రాత్రంతా వదిలేస్తేనే పక్కపక్క గొలుసులు ఒకదాన్నొకటి లాక్కుంటూ, గాలికి ఒకే పక్కకి వాలిన వరిచేనులా సర్దుకుంటాయి. బంగారం మీద ఆ వాలు సుమారు 30 డిగ్రీలు. వెండి మీద ఇంకా దగ్గరగా కూర్చుంటాయి కాబట్టి 10 డిగ్రీలు దాటితే గొప్ప. పొర మందం 2 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు), అంతే! 1983లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో నుజ్జో, అలారా అనే శాస్త్రవేత్తలు థయోల్స్‌కి దగ్గరి చుట్టాలైన డైసల్ఫైడ్లతో (రెండు సల్ఫర్లు జతకట్టినవి) బంగారం మీద ఇలాంటి పొర చూపించాక, హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందం థయోల్స్‌తో చాలా దూరం తీసుకెళ్లింది. గొలుసు పైచివర మారిస్తే చాలు, అదే బంగారం మీద నీళ్లు ముత్యాల్లా నిలబడతాయి, లేదా పల్చగా పరుచుకుంటాయి. రక్తంలో ప్రోటీన్లను పట్టే కొన్ని సెన్సర్లకీ ఇదే ఆధారం.

ఇంత చక్కని పొరకి ఆయుష్షు మాత్రం తక్కువ. గాలిలోని ఆక్సిజన్, ముఖ్యంగా ఓజోన్ తగిలితే సల్ఫర్ ఆక్సిజన్‌ని కలుపుకుని సల్ఫోనేట్‌గా మారి లోహం మీద పట్టు వదిలేస్తుంది. వేడికీ ఊడుతుంది. ఇక మనవాళ్లు విభూది పెట్టి కుందులు తోమితే 2 నానోమీటర్లు ఏం మిగులుతాయి చెప్పండి! ‘నానో’ అని అమ్మేవన్నీ థయోల్ పూతలే కావు, వార్నిష్ లాంటివీ ఉంటాయి, అవీ గీతలు పడితే పోయేవే.

అందుకే నా మనవి, ఇలాంటి ప్రకటన తీసుకునే ముందు అది ఏ పూత, ఎన్నాళ్లకి మళ్లీ వేయించుకోవాలి అనే రెండు ముక్కలు అందులో రాయించండి. వీలైతే మీ సైన్స్ పేజీలో ఈ థయోల్ పొరల గురించి బొమ్మలతో ఒక వ్యాసం కూడా వేయండి.

– ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్, హనుమకొండ