డొమైన్ మొదటి ఏడాది ధర పక్కనే రెన్యూవల్ ధర కూడా రాయించండి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నారాయణపేటలో మా కుటుంబానిది చేనేత చీరల వ్యాపారం. ఇక్కడి చీరకు జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, ఉంది. దూరాన ఉన్న కొనుగోలుదారులు నకిలీల భయంతో నేసినవాళ్ల దగ్గరే తీసుకోవాలని చూస్తున్నారు. అందుకే మావైపు గద్వాల దాకా చిన్న చిన్న వ్యాపారులు కూడా సొంత పేరుతో వెబ్‌సైటు పెట్టుకుంటున్నారు.

వెబ్‌సైటు చిరునామాగా వాడే పేరును, అంటే డొమైన్‌ను, కొనేటప్పుడు తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి ఏడాది ధర ఒక్కటే. మాకు 199 రూపాయలని చూపించారు. మరుసటి ఏడు బిల్లు వెయ్యి దాటింది, పైన 18 శాతం జీఎస్టీ. అప్పటికి ఆ పేరు చీరల పెట్టెల మీద, బిల్లు పుస్తకాల మీద, దుకాణం బోర్డు మీద ఎక్కేసింది. ఎంత అడిగితే అంత కట్టక తప్పలేదు.

ఇది ఖర్చు పెరిగి వచ్చిన తేడా కాదు. డాట్ కామ్ పేర్లన్నిటి పట్టికను నడిపే వెరిసైన్ సంస్థ, అమ్మే కంపెనీల దగ్గర తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబరులో ఏడాదికి 10.26 డాలర్లయింది. కొత్త పేరుకూ అంతే, పొడిగింపుకూ అంతే. అమ్మే కంపెనీ మొదటి ఏడాది నష్టానికి ఇచ్చి, మనం వదిలి పోలేని స్థితికి వచ్చాక ఆ నష్టాన్ని లాభంతో సహా రాబట్టుకుంటుంది. ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు, నిజమే. కానీ దానికి ఆథ్ కోడ్, అంటే పాత కంపెనీ ఇచ్చే రహస్య సంకేతం, కావాలని, కొత్తగా కొన్న డాట్ కామ్ పేరును సాధారణంగా 60 రోజుల దాకా మార్చనివ్వరని చెప్పేదెవరు? ఒకేసారి పదేళ్లకు కట్టుకునే వీలూ ఉంది. మగ్గం మీద బతికే ఇంట్లో అంత డబ్బు ఒక్కసారి ఎక్కడిది? గడువు దాటి పేరు తొలగింపుకు వెళ్లిందా, డాట్ కామ్‌లో తిరిగి తెచ్చుకోవడానికి 30 రోజులే ఉంటాయి, దానికి రెన్యూవల్ మీద ఇంకో రుసుము.

రెన్యూవల్ ధర కొనేవాళ్లకు తెలిసేలా ఉంచాలని డాట్ కామ్ లాంటి పేర్లకు, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను ప్రపంచమంతటా చూసే ఐకాన్ సంస్థ నియమం 2013 నుంచే ఉంది. అయినా అది ఏ మూల పేజీలోనో ఉంటుంది. 2023లో మన దేశమే డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే పద్ధతుల మీద, మార్గదర్శకాలు తెచ్చింది. అసలు ధరను దాచి చివర్లో బయటపెట్టడం తప్పని అందులో రాసుంది. మొదటి బిల్లు మీద ఉన్న ఆ పట్టు రెండో ఏడాది బిల్లు మీదా ఉండాలి.

డాట్ కామ్ మీ చేతిలో లేకపోవచ్చు. డాట్ ఇన్ ఉంది. దాన్ని నడిపే నిక్సీ మీ శాఖ కిందిదే, పేర్లు అమ్మే కంపెనీలకు, అంటే రిజిస్ట్రార్లకు, గుర్తింపు ఇచ్చేదీ అదే. ఆ గుర్తింపు షరతుల్లో ఈ మాట చేర్పించండి: డబ్బు కట్టే ముందే రెండో ఏడాది ధర, పన్నుతో సహా, మొదటి ధరంత పెద్ద అక్షరాల్లో కనబడాలి. ఆ ధర పెంచితే గడువుకు రెండు నెలల ముందే ఫోనుకు మెసేజ్ రావాలి, మా దగ్గరికి తెలుగులో రావాలి. వేరే కంపెనీకి మార్చుకునే దారి కూడా ఆ మెసేజ్‌లోనే ఉండాలి.

ఇట్లు,
ఒక చేనేత వ్యాపారి,
నారాయణపేట