ఆమెదీ బతుకుతెరువే

సంపాదకులకు,

ఒంగోలులో గానీ కావలిలో గానీ వ్యభిచారం జరుగుతోందని లాడ్జీపై పోలీసు దాడి జరిగితే మరునాడు పత్రికల్లో ఒకటే ఫొటో: చున్నీతో ముఖం కప్పుకుని, తల వంచుకుని నిలబడ్డ మహిళలు. విటుడు, గది ఇచ్చినవాడు ఎక్కడ?

ఈ వృత్తిలో ఉన్న మహిళలను పోలీసులు గౌరవంగా చూడాలని, వేధించరాదని, దాడుల వార్తల్లో వారెవరో తెలిసేలా ఫొటోలు రాకుండా చూడాలని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం వ్యభిచార గృహం నడపడాన్ని నేరమంది. మైనర్లను, బలవంతంగా ఆడవాళ్లను ఇందులోకి దించేవారిని జైలుకు పంపాల్సిందే. కానీ పిల్లల ఫీజు కోసం ఈ పని చేసుకునే తల్లిని నేరస్థురాలిగా చూడటం అన్యాయం. దీన్ని పనిగా గుర్తిస్తేనే, డబ్బు ఎగ్గొట్టి కొట్టినవాడిపై ఆమె ధైర్యంగా పోలీస్ స్టేషన్ మెట్లెక్కగలదు. చిరునామా రుజువు లేకపోయినా ఇలాంటి మహిళలకు ఆధార్ ఇవ్వాలన్న సుప్రీంకోర్టు ఆదేశాన్ని మన జిల్లా అధికారులు వెంటనే అమలు చేయాలి. మీ పత్రిక కూడా ఆ ఫొటోలు మానుకోవాలి.

– ఒక పాఠకురాలు, కావలి