గూడబాతుల లెక్క మే నెలలో తీయండి

సంపాదకులు గారికి,

అయ్యా,

కిందటి నెల మీ జిల్లా పేజీలో మా టెక్కలి దగ్గరి తేలినీలాపురం ఊరి పక్షుల గురించి వచ్చిన వార్తకు ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ‘సైబీరియా అతిథుల సందడి’ అన్న శీర్షిక, దాని కింద బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డ ఒక ప్రజాప్రతినిధి ఫొటో, ఈసారి పక్షులు ఎక్కువగానే వచ్చాయన్న ఒక అధికారి సంతృప్తి. నిరుడు వచ్చిన వార్తకూ దీనికీ తేదీ తప్ప తేడా కనబడలేదు.

ముందుగా సైబీరియా సంగతి తేల్చుకుందాం. తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు పెట్టేవి ముఖ్యంగా పెలికాన్లనే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులనే ఎర్రకాళ్ల కొంగలు. ఈ రెండింటికీ సైబీరియా ముఖం ఎలా ఉంటుందో కూడా తెలియదు. గూడబాతు ఈనాడు ప్రపంచం మొత్తం మీద పిల్లలను పెంచుతున్నది ప్రధానంగా భారతదేశం, శ్రీలంక, కంబోడియాలలోనే. ఉత్తరాది నుంచి మన చిత్తడి నేలలకు వచ్చే పక్షులు వేరే ఉన్నాయి. సూదితోక బాతులు వస్తాయి, హిమాలయాలు దాటి పట్టెతల బాతులు వస్తాయి. అవి ఇక్కడ గూడు కట్టవు, గుడ్డు పెట్టవు, ఎండలు ముదిరేలోపే వెళ్లిపోతాయి. గుడ్డు ఎక్కడ పెడితే ఆ పక్షి అక్కడిదేనన్న మాట ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకసారి చెబితే అర్థమయ్యేది, విలేకరులకు మాత్రం ఎన్నేళ్లయినా ఎక్కడం లేదు. అసలు సైబీరియా కొక్కెర (సైబీరియన్ క్రేన్) అయితే 2002 తర్వాత రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కే రావడం మానేసింది. శ్రీకాకుళం జిల్లాకు మాత్రం పత్రికల్లో ఏటా క్రమం తప్పకుండా వస్తూనే ఉంది.

ఇదంతా పంతులు గారి చాదస్తమని మీకు అనిపించవచ్చు. కాని ఈ ఒక్క పొరపాటు మీదే మన ఉదాసీనత అంతా ఆధారపడి ఉన్నదని నా అభిప్రాయం. అతిథి అంటే కొన్నాళ్లుండి వెళ్లిపోయేవాడు, గడప దాటాక అతని యోగక్షేమాలు మన లెక్కలోకి రావు. అందుకే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చిన పక్షులకు స్వాగతం రాసి, జనవరిలో వాటిని లెక్కపెట్టి, మార్చి దాటాక అందరూ దస్త్రాలు కట్టేస్తారు. ఆ పక్షులు పిల్లలతో చెట్లు వదిలిపోయేది ఏ మంచు దేశానికో కాదు. ఎక్కడ చెరువులో కాస్త నీరు మిగిలి ఉందో, ఏ జలాశయం అడుగున చేప దొరుకుతుందో వెతుక్కుంటూ మన జిల్లాలకూ పక్క రాష్ట్రాలకూ చెదిరిపోతాయి. చలి దేశాల పక్షికి మంచు కురిసే నెలలు గడ్డుకాలమైతే, మన ఉష్ణమండల పక్షికి నీరు ఇంకిపోయే నెలలు గడ్డుకాలం. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్నది. అది మంచి పనే, కాని జనవరి లెక్క ఎన్ని పక్షులు వచ్చాయో చెబుతుంది గాని, ఎన్ని ఎండాకాలం గట్టెక్కుతున్నాయో చెప్పదు.

ఉష్ణమండల పక్షుల బతుకులో మరో కిటుకు ఉంది. చలి దేశాల చిన్న పిట్టలు ఒక్క విడతలోనే చాలా గుడ్లు పెట్టి, చచ్చినవి చావగా మిగిలిన పిల్లలతో సంఖ్య నిలబెట్టుకుంటాయి. వేడి దేశాల పక్షులు సాధారణంగా తక్కువ గుడ్లు పెట్టి ఎక్కువ ఏళ్లు బతుకుతాయి. గూడబాతు పెట్టేది మామూలుగా మూడు నాలుగు గుడ్లు, పొదిగేది దాదాపు నెల రోజులు. పిల్లలు గూటి పరిసరాలు వదలడానికి మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది, అవి మళ్లీ జతకట్టే ఈడుకు రావడానికి తక్కువలో తక్కువ రెండేళ్లు కావాలి. ఈ మధ్యలో కొమ్మ మీద నుంచి జారి నేల మీద పడ్డ పిల్లను తల్లి వచ్చి మేపదు. అది నోరు తెరిచి అరుస్తూ ఉంటుంది, పైనున్న గూటిలోకి చేప వస్తూనే ఉంటుంది. తేలినీలాపురంలో చింతచెట్ల కింద సున్నం జల్లినట్టున్న రెట్టల మధ్య అలాంటి పిల్లలను చూడని వాళ్లు ఉండరు. పిల్లలు ఒక ఏడు తగ్గినా ఈ జాతి తట్టుకోగలదు. ఈడొచ్చిన పక్షులు చావడం మొదలుపెడితే మాత్రం ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది.

సరిగ్గా అదే మన కళ్ల ముందు జరిగింది. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో వందకు పైగా పెద్ద గూడబాతులు రాలిపోయాయి. చేపల చెరువుల్లో తిన్న చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులే కారణమని అప్పట్లో చెప్పారు. కొద్దిరోజులు హడావుడి జరిగింది. ఆ గూళ్లలో మిగిలిన పిల్లలు ఏమయ్యాయి, తర్వాతి ఏడు ఎన్ని జతలు తిరిగి వచ్చాయి, నులిపురుగులు పట్టిన చెరువులను మళ్లీ ఎవరైనా పరీక్షించారా అన్న ప్రశ్నలు మీ పత్రికలో గాని మరో పత్రికలో గాని నా కంటపడలేదు. పక్షులు ‘ఎక్కువగా వచ్చాయి’ అన్నప్పుడు దేనితో పోల్చి ఎక్కువ అని అడిగే విలేకరి ఒక్కడైనా ఉండాలి కదా.

ఇక్కడ చేపల రైతును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అప్పు తెచ్చి చేపపిల్ల వేసిన చెరువులోకి గూడబాతుల గుంపు దిగితే ఎవరైనా వల కడతారు, టపాకాయ కాలుస్తారు. అసలు పక్షి ఆ చెరువుకు ఎందుకు వచ్చిందన్నది ప్రశ్న. దాని తిండి బీల, తంపర అని మన జిల్లాలో పిలిచే చిత్తడి నేలల్లో ఉండేది. ఆ నేలలను ‘పనికిరాని భూములు’గా రాసుకున్న రెవెన్యూ లెక్కల పుణ్యాన వాటి మీద ప్రతి ప్రభుత్వం కన్నూ పడింది. 2010 జులైలో సోంపేట బీల కోసం, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర కోసం, అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్న మన జిల్లా మనుషులు పోలీసు తూటాలకు బలయ్యారు. వాళ్లు పక్షుల కోసం చావలేదు, తమ చేపల వేట కోసం, పశువుల మేత కోసం, పొలాలకు తడి కోసం చనిపోయారు. కాని ఆ నీరే గూడబాతులకూ ఆధారం. ఇప్పుడు కాకరాపల్లి ఉన్న అదే సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవు వస్తున్నది. రేవు వద్దని నేను అనను, మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి. నౌపడ వైపు వేసవిలో నీరు నిలిచే మడుగులు ఎన్ని, అవి ఎవరి అధీనంలో ఉన్నాయి అన్న వివరం మాత్రం బహిరంగంగా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఈ సంగతే రాసి ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే, “సీజన్ అయిపోయింది కదండీ మాస్టారూ, వచ్చే ఏడాది చూద్దాం” అన్నారు. పక్షులు ఎండకు మాడే కాలానికి మన కార్యాలయాల్లో సీజన్ అయిపోతుంది.

పనామా దేశంలో ఒక రక్షిత అడవిలో 1977 నుంచి 2020 వరకు, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వలలు కట్టి, పక్షుల కాళ్లకు కడియాలు వేసి వదులుతూ పరిశోధకులు లెక్క చూశారు. తగినంత సమాచారం దొరికిన 57 జాతుల్లో 40 తగ్గాయని, వాటిలో 35 జాతులు సగమో అంతకన్నా ఎక్కువో పడిపోయాయని తేలింది. అక్కడ చెట్టు నరికినవారు లేరు, పక్షిని కొట్టినవారు లేరు. పైకి పచ్చగా ఉన్న అడవిలోనే ఇంత జరిగిందని ఏటేటా, రెండు కాలాల్లోనూ లెక్కపెట్టినందువల్లే తెలిసింది. మనకు జనవరి వార్త చాలు.

గూడబాతు విషయంలో ‘ఏమీ కాదులే’ అనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. బర్మాలోని సిట్టాంగ్ నది మైదానంలో పందొమ్మిదో శతాబ్దంలో లక్షల్లో ఉన్నట్టు రాసిన ఈ పక్షులు ఇరవయ్యో శతాబ్దం సగానికి రాకముందే మాయమయ్యాయి. ఫిలిప్పీన్స్‌లో ఇప్పుడు ఒక్కటీ లేదు. మన కొల్లేరు దగ్గర ఆరేడులో 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ గుర్తించిన పెద్ద గూళ్ల స్థావరం 1970లలో ఖాళీ అయింది. చాలా ఏళ్లకు పక్షులు తిరిగి వచ్చి కొల్లేటి ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటున్నాయి, ఆ మేరకు సంతోషమే. కంబోడియాలో ప్రెక్ తోల్ అనే చోట ఒకప్పుడు గుడ్లు ఎత్తుకుపోయినవాళ్లకే జీతమిచ్చి కాపలా పెడితే పక్షులు మళ్లీ పెరిగాయి. తేలినీలాపురం రైతులు అలాంటి జీతం ఎప్పుడూ అడగలేదు. పక్షి వస్తే పంట బాగుంటుందన్న నమ్మకంతో తరతరాలుగా ఊరికే కాస్తున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన ప్రాంతంలో చెట్లను కూల్చేసినప్పుడు ఆ గూళ్ల గురించి కూడా బాధపడ్డది వాళ్లే. వాళ్ల పేరు ఫ్లెక్సీల మీద ఎక్కడా ఉండదు.

అందుచేత మీకు నా విన్నపం. వచ్చే మే నెలలో మీ విలేకరిని ఒక్కసారి ఈ ప్రాంతపు చెరువుల మీదికి పంపండి. గూళ్లు ఎన్ని, వాటిలో ఎగిరిన పిల్లలు ఎన్ని, చచ్చిన పెద్ద పక్షులు ఎన్ని అని మూడు లెక్కలు విడివిడిగా అడిగి, వచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ సంగతిని అచ్చువేయండి. అధికారులకు చెప్పేది మరొకటి ఉంది. నౌపడ వైపు ఎండాకాలంలో నీరుండే మడుగులకు సర్వే చేసి హద్దురాళ్లు వేయించే పని తొలకరికి ముందే పూర్తి చేయాలి; వానలు పడ్డాక గొలుసు పట్టడానికి అక్కడ నేల కనబడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా