కెనడా ఓటరు విసుగుకు లెక్కలున్నాయి

సంపాదకులకు నమస్కారం.

కెనడాలో ఎన్నికలొస్తే మన పత్రికల్లో సాధారణంగా రెండు సంగతులే కనిపిస్తాయి: భారత సంతతివాళ్లు ఎందరు గెలిచారు, వీసాల సంగతి ఏమవుతుంది. అక్కడి ఓటరు పార్టీలన్నిటి మీదా ఎందుకు విసిగి ఉన్నాడో రాసేవాళ్లు తక్కువ. బ్రాంప్టన్‌లోనో కాల్గరీలోనో బిడ్డలున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి కనుక, ఆ విసుగు ఎక్కడ పుడుతోందో ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

ముందు ఓట్లకూ సీట్లకూ కుదరని పొత్తు. పద్ధతి మనదే. నియోజకవర్గానికి ఒక్కరు, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా వాళ్లే విజేత. నియోజకవర్గాన్ని అక్కడ రైడింగ్ అంటారు. 2021 ఫెడరల్ (అంటే దేశమంతటి) ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకు 33.7 శాతం ఓట్లొస్తే 119 సీట్లు దక్కాయి. వాళ్లకంటే తక్కువగా 32.6 శాతం తెచ్చుకున్న లిబరల్స్‌కు 160 సీట్లొచ్చి ప్రభుత్వం నిలబడింది. అదే ఎన్నికలో దేశమంతా పోటీచేసిన ఎన్డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీకి) 17.8 శాతం ఓట్లకు 25 సీట్లు. క్యూబెక్ ప్రావిన్స్ (మన రాష్ట్రంలాంటిది) దాటి బయట పోటీయే చేయని బ్లాక్ క్యూబెక్వా పార్టీకి 7.6 శాతానికే 32. ఓటు ఒకచోట కుప్పగా ఉంటే సీటవుతుంది, దేశమంతా చల్లినట్టుంటే గాలికి పోతుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం ఓట్లొచ్చిన పార్టీ 175కు 11 సీట్లతో మిగలడం చూసిన మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ప్రావిన్స్‌లలో ఇది ఇంకా వింతగా ఉంటుంది. 2025 ఫిబ్రవరి 27న ఒంటారియోలో జరిగిన ఎన్నికల్లో లిబరల్స్‌కు 30 శాతం ఓట్లు, 14 సీట్లు. 18.6 శాతం తెచ్చుకున్న ఎన్డీపీకి 27 సీట్లు, పైగా ప్రధాన ప్రతిపక్ష హోదా. ప్రావిన్స్ ప్రభుత్వాధినేత డగ్ ఫోర్డ్ పార్టీ 43 శాతంతో 124 స్థానాల సభలో 80 పట్టుకుపోయింది. క్యూబెక్‌లో 2022లో సీఏక్యూ అనే పార్టీకి 41 శాతం ఓట్లకు 125లో 90 సీట్లొచ్చాయి. పార్టీ క్యూబెక్వా 14.6 శాతానికి మూడు సీట్లతో సరిపెట్టుకుంటే, దాదాపు 13 శాతం ఓట్లొచ్చిన క్యూబెక్ కన్జర్వేటివ్‌లకు సున్నా. ఇక పోలింగ్ కేంద్రానికి ఎందుకు పోవాలి అనుకునేవాడిని తప్పుపట్టడం కష్టం. ఒంటారియోలో 2022లో పోలింగ్ 44 శాతం దగ్గర ఆగింది. ఆ ప్రావిన్స్ చరిత్రలో అంత తక్కువ ఎన్నడూ లేదు. 2025లోనూ 45 దాకానే వచ్చింది.

వెళ్లేవాడు కూడా తనకు నచ్చినవాడికి వేయడు, నచ్చనివాడు గెలవకుండా వేస్తాడు. 2025 ఏప్రిల్ ఫెడరల్ ఎన్నికల్లో ఎన్డీపీ ఏడు సీట్లకు పడిపోవడంలో ఈ లెక్కకు పెద్ద పాత్ర ఉంది. దాని ఖరీదు ఎన్నికల రాత్రితో తీరలేదు. పార్లమెంటులో గుర్తింపు పొందిన పార్టీగా ఉండాలంటే 12 మంది కావాలి. లేకపోతే కమిటీల్లో చోటూ పరిశోధనకు ఇచ్చే డబ్బూ పోతాయి. అభ్యర్థికి తన రైడింగ్‌లో 10 శాతం ఓట్లొస్తేనే ఎన్నికల ఖర్చులో 60 శాతం ప్రభుత్వం నుంచి వెనక్కొస్తుంది. ఆ గీత దాటకపోతే స్థానిక శాఖ అప్పుల్లో పడుతుంది, వచ్చేసారి మరింత బలహీనంగా దిగుతుంది. ‘ఈ ఒక్కసారికీ’ అని వేరేవాళ్లకు వేసిన ఓటు నాలుగేళ్ల దాకా కోస్తూనే ఉంటుంది.

ఈ పద్ధతిని మారుస్తామని మాటిచ్చిన పార్టీలు లేకపోలేదు. 2015 ఎన్నికలే పాత పద్ధతిలో చివరివని లిబరల్ నాయకుడిగా జస్టిన్ ట్రూడో చెప్పారు. మెజారిటీ వచ్చింది, అన్ని పార్టీల కమిటీ కూర్చుంది, 2017 ఫిబ్రవరిలో ఆ మాట అటకెక్కింది. క్యూబెక్‌లో సీఏక్యూ నాయకుడిగా ఫ్రాన్స్వా లెగో ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పద్ధతి మార్చే ఒప్పందం మీద సంతకం పెట్టారు, గెలిచాక బిల్లు కూడా తెచ్చారు, 2021 డిసెంబర్‌లో వదిలేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ప్రజలనే అడిగిన చోటా ఇదే వరస. బ్రిటిష్ కొలంబియాలో 2005లో 57.7 శాతం మార్పు కావాలన్నారు. గీత 60 దగ్గర గీసి ఉంచారు కనుక చెల్లలేదు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో 2016లో మిశ్రమ దామాషా పద్ధతి (పార్టీల సీట్లు వాటి ఓట్ల శాతానికి దగ్గరగా ఉండేది) 52 శాతంతో నెగ్గితే, పోలైన ఓట్లు చాలవని ప్రభుత్వం పక్కన పెట్టింది. తక్కువ పోలింగ్‌తో ఎన్నికైన ప్రభుత్వాలను మాత్రం ఎవరూ పక్కన పెట్టరు.

మన కుటుంబాలకు నేరుగా తగిలే విసుగు ఇంకొకటుంది: ఎవరిని తిట్టాలో తెలియకపోవడం. స్టడీ పర్మిట్ల గొడవనే చూడండి. పర్మిట్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. ఏ కాలేజీ విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవచ్చో తేల్చేది ప్రావిన్స్. ఒంటారియో ప్రభుత్వం 2019లో స్థానిక విద్యార్థుల ఫీజులు పది శాతం తగ్గించి అక్కడే బిగించేసింది. ఆ లోటును కాలేజీలు విదేశీ ఫీజులతో పూడ్చుకున్నాయి, అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాంకు అప్పు తీసుకున్న తండ్రి డబ్బుతో. సంఖ్య పెరిగి అద్దెలు మండిపోయాక 2024 జనవరి 22న ఫెడరల్ ప్రభుత్వం ఆ ఏడాదికి సుమారు 3,60,000 పర్మిట్లని పరిమితి పెట్టి ప్రావిన్స్‌లకు పంచింది. అప్పట్నుంచి చాలా దరఖాస్తులకు ప్రావిన్స్ ఇచ్చే అటెస్టేషన్ లెటర్ (ఆ కోటాలో చోటుందనే ధ్రువపత్రం) జతచేయాల్సి వచ్చింది. దేశ రాజధాని ఆటవా వైపు అడిగితే ప్రావిన్స్‌లు కాలేజీల్ని అదుపు చేయలేదంటారు, ఒంటారియో రాజధాని టొరంటో వైపు అడిగితే మాకు చెప్పకుండా కోత పెట్టారంటారు. రెండూ నిజమే. అందుకే రెండు చోట్లా బాధ్యుడు దొరకడు.

ఫ్యామిలీ డాక్టర్ దొరకకపోవడం, ఆసుపత్రి ఎమర్జెన్సీలో గంటల నిరీక్షణ, స్కూళ్లు, అద్దె నిబంధనలు, నర్సులూ ఇంజనీర్ల లైసెన్సులూ ప్రావిన్స్ పరిధిలోవి. ఇమిగ్రేషన్, పౌరసత్వం, పాస్‌పోర్టు ఫెడరల్‌వి. మీ డిగ్రీలకు విలువిస్తామని ఫెడరల్ నాయకులు సభల్లో చెప్పే మాటను ఇందుకే సగం తగ్గించి వినాలి. లైసెన్సిచ్చే సంఘాల మీద వాళ్లకు అధికారమే లేదు. అద్దె విషయంలో ఒక చిన్న సంగతి పెద్ద తేడా తెస్తుంది. ఒంటారియోలో 2018 నవంబర్ 15 తర్వాత తొలిసారి నివాసానికి ఇచ్చిన ఇళ్లకు ఏటా అద్దె పెంపు మీద ఉండే పరిమితి వర్తించదు. కొత్త కాండో (ఫ్లాట్) అని మురిసిపోయి చేరినవాళ్లకు ఏడాది తిరిగేసరికి వచ్చే నోటీసుకు కారణం ఇదే. లీజు మీద సంతకానికి ముందే ఆ తేదీ అడగాలి. నియమం మార్చమని అడగాల్సింది ఎంపీని కాదు, ఎంపీపీని (ఒంటారియో శాసనసభ సభ్యుణ్ణి).

ఇంతకీ అభ్యర్థుల్ని ఎవరు ఎంచుతున్నారు? నా దృష్టిలో అసలు విషయం ఇక్కడుంది. ఒక పార్టీకి కంచుకోటలాంటి రైడింగ్‌లో నిజమైన ఎన్నిక ఆ పార్టీ నామినేషన్ పోటీయే. అందులో ఓటేసేది పార్టీ సభ్యులు. లక్షమంది ఉన్న రైడింగ్‌లో కొన్ని వందల ఓట్లతో తేలిపోయే పోటీలుంటాయి. 2025 మార్చి 9న అధికారంలో ఉన్న లిబరల్ పార్టీ నాయకత్వ ఎన్నికలో పోలైనవి సుమారు 1,52,000 ఓట్లు. 85.9 శాతంతో గెలిచిన మార్క్ కార్నీ అయిదు రోజుల్లో ప్రధాని అయ్యారు, అప్పటికి ఆయన ఎంపీ కూడా కాదు. నాలుగు కోట్ల పైచిలుకు జనాభాకు ప్రధానిని ఎంచింది లక్షన్నర మంది. ఇది చట్టవిరుద్ధం కాదు, పార్లమెంటరీ పద్ధతే అంత. కానీ మిగతావాళ్లకు కడుపు మండదా?

చాలామంది తెలుగువాళ్లకు తెలియనిది ఏమిటంటే, సార్వత్రిక ఎన్నికలో ఓటు హక్కు లేని పీఆర్‌లకు (శాశ్వత నివాస హోదా ఉన్నవాళ్లకు) ఈ లోపలి ఎన్నికల్లో ఓటుంటుంది. కన్జర్వేటివ్ పార్టీలో 14 ఏళ్లు నిండిన పౌరులూ పీఆర్‌లూ సభ్యులు కావచ్చు, రుసుము ఏడాదికి 15 డాలర్లు. 2025 లిబరల్ నాయకత్వ ఎన్నికకూ దాదాపు ఇదే అర్హత, రుసుము లేదు. పొరపాట్లు జరిగేది వేరేచోట. పోటీ తేదీ ప్రకటించాక చేరితే సాధారణంగా ఓటుండదు, అంతకుముందే గడువు ముగిసి ఉంటుంది. చిరునామా మార్చకపోతే పాత రైడింగ్ జాబితాలో పేరుండిపోతుంది. రుసుము ఎవరిది వాళ్లే కట్టాలి. ఒకరు యాభైమందికి కట్టి సభ్యుల్ని ‘తయారుచేస్తే’ ఆ సభ్యత్వాలు రద్దవుతాయి, పోటీ వివాదంలో పడుతుంది. విదేశీ జోక్యంపై విచారణ జరిపిన జస్టిస్ మరీ జోసే హోగ్ 2025 జనవరి నివేదికలో నామినేషన్ పోటీలను బలహీనమైన తలుపుగానే చూశారు. తలుపు బలహీనంగా ఉందని అందులోంచి మంచివాళ్లు కూడా వెళ్లకపోతే ఎలా?

దీనికీ పరిమితి ఉంది. ప్రధాన కార్యాలయం అభ్యర్థిని తిరస్కరించవచ్చు, పోటీ లేకుండా తన మనిషిని నేరుగా నిలపవచ్చు. ఎన్నికలు ముంచుకొస్తే అదే ఎక్కువ జరుగుతుంది. హైకమాండ్ అనే మాట మనకొక్కరికే సొంతం కాదు. నాయకుణ్ణి దించే అధికారం ఎంపీల చేతిలో పెట్టడానికి మైకేల్ చాంగ్ తెచ్చిన సంస్కరణ చట్టం 2015 నుంచి ఉంది. దాన్ని వాడుకోవాలా వద్దా అని ఎన్నికల తర్వాత ప్రతి పార్టీ ఎంపీలూ ఓటేసి తేల్చుకోవాలి. కన్జర్వేటివ్ ఎంపీలు వాడుకున్నారు, 2022 ఫిబ్రవరిలో 73-45 ఓట్లతో తమ నాయకుడు ఎరిన్ ఓటూల్‌ను దించారు.

పార్టీ మారేవాళ్ల సంగతి మన పాఠకులకు వేరే చెప్పాలా! 2006లో లిబరల్‌గా గెలిచిన డేవిడ్ ఎమర్సన్ రెండు వారాలకే కన్జర్వేటివ్ మంత్రి అయ్యారు. 2025 నవంబర్‌లో క్రిస్ డాంట్రమాంట్ కన్జర్వేటివ్‌ల నుంచి లిబరల్స్‌లోకి నడిచారు. అక్కడ మన 1985 నాటి ఫిరాయింపుల చట్టంలాంటిది లేదు. మానిటోబా ఒకటి పెట్టుకుని 2018లో తీసేసింది. మన చట్టం ఎంత అడ్డుకుందో చూశాక కెనడాకు దాన్ని సిఫార్సు చేసే ధైర్యం నాకు లేదు.

కోపం చూపడానికి అక్కడివాళ్లు ఎంచుకున్న దారుల్లో కొన్ని దండగమారివి. 2025 ఆగస్టులో అల్బెర్టాలోని బ్యాటిల్ రివర్-క్రోఫుట్ ఉప ఎన్నికలో ఓటింగ్ పద్ధతి మీద నిరసనగా 214 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్‌లో పేర్లన్నీ పట్టక, ఓటరే పేరు చేత్తో రాసే ఖాళీ కాగితం ఇవ్వాల్సి వచ్చింది. దాంతో పద్ధతి మారలేదు, చూపు సరిగా ఆనని ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారు. ఒంటారియోలో మన నోటాకు దగ్గరిది ఒకటుంది. బ్యాలెట్ చేతికిచ్చినప్పుడు ‘డిక్లైన్ చేస్తున్నాను’ అని అధికారికి చెప్పి తిరిగిచ్చేయాలి. దాన్ని విడిగా లెక్కిస్తారు. అందరి ముందూ చెప్పాలి కనుక రహస్యం ఉండదు. ఫెడరల్ ఎన్నికల్లో ఆ వీలు లేదు, ఖాళీ బ్యాలెట్ చెల్లని ఓట్లలో కలిసిపోతుంది.

పని చేసిన దారి కూడా ఒకటుంది. బ్రిటిష్ కొలంబియాలో 2009 ఎన్నికలయ్యాక ప్రభుత్వం ఉన్నట్టుండి హెచ్‌ఎస్‌టీ అనే ఉమ్మడి పన్ను ప్రకటించింది. అక్కడి చట్టం ప్రకారం 90 రోజుల్లో ప్రతి నియోజకవర్గంలోనూ పది శాతం ఓటర్ల సంతకాలు తెస్తే సభ పట్టించుకోవాలి. తెచ్చారు. 2011 రెఫరెండంలో పన్ను రద్దయింది. అదే ప్రావిన్స్‌లో ఎమ్మెల్యేను వెనక్కి పిలవడానికి 60 రోజుల్లో 40 శాతం సంతకాలు కావాలి. అది ఇంతవరకూ చివరిదాకా నెగ్గింది లేదు.

ఫెడరల్ ఈ-పిటిషన్‌కు 500 సంతకాలూ ఒక ఎంపీ మద్దతూ చాలు, సభ ముందు పెట్టాక ప్రభుత్వం 45 రోజుల్లో జవాబివ్వాలి. సంతకానికి పౌరసత్వం అక్కర్లేదు, కెనడాలో నివాసముంటే చాలు. స్టడీ పర్మిట్ మీద ఉన్న పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఎంపీకి ఆటవా చిరునామాకు ఉత్తరం రాస్తే స్టాంపు కూడా అంటించనక్కర్లేదు.

కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లు పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఇబ్బంది పడుతుంటారు. అందులో చిరునామా అచ్చయి ఉండదు. డ్రైవింగ్ లైసెన్సు అయితే ఒక్కటే సరిపోతుంది, ఇల్లు మారాక చిరునామా మార్పించి ఉంటే. లేకపోతే రెండు పత్రాలు కావాలి, వాటిలో ఒకదాని మీదైనా ప్రస్తుత చిరునామా ఉండాలి. కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు చెల్లుతాయి. పోలింగ్ రోజున వరసగా మూడు గంటల ఖాళీ దొరికేలా యజమాని వీలు కల్పించాలని చట్టంలోనే ఉంది. పోస్టల్ ఓటు ఎన్నికల రోజున నిర్ణీత గడువులోగా చేరకపోతే లెక్కలోకి రాదు. 2025లో క్యూబెక్‌లోని టెర్‌బాన్‌లో ఫలితం ఒక్క ఓటు తేడాతో తేలింది. ఆ తర్వాత ఒక ఓటరు పోస్టల్ బ్యాలెట్, కవరు మీద ఎన్నికల సంస్థ అచ్చేసిన పోస్టల్ కోడ్ తప్పు కావడంతో, లెక్కకు చేరకుండా తిరిగొచ్చిందని బయటపడి వ్యవహారం కోర్టుకెక్కింది. వీలున్నవాళ్లు పోస్టు మీద ఆధారపడకుండా, నాలుగు రోజులపాటు జరిగే ముందస్తు పోలింగ్‌లో స్వయంగా వేసి రావడం మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు
మిస్సిసాగా, ఒంటారియో