ప్రధానోపాధ్యాయురాలి లేఖ: బాసర నుంచి వచ్చిన మన అమ్మాయి చెప్పిన మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 14న బాలల దినోత్సవానికి మన పూర్వ విద్యార్థినిని ఒకరిని పిలిచాం. 2019లో ఇక్కడే తెలుగు మాధ్యమంలో పదో తరగతి పూర్తిచేసి, బాసర ట్రిపుల్‌ ఐటీలో చేరి, ఆరేళ్ల సమీకృత బీటెక్‌ ఈ ఏడాదే ముగించిన అమ్మాయి. సభ అయ్యాక తొమ్మిది, పది తరగతుల పిల్లలతో గంటన్నర కూర్చుంది. నేను వెనుక బెంచీలో కూర్చుని విన్నాను. ఆ మాటలు మీకూ చేరాలని ఈ నెల లేఖ మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

పిల్లల మొదటి ప్రశ్న మీలో చాలామంది నన్ను అడిగేదే: "అక్కా, అక్కడ ఇంగ్లిష్‌లో పాఠాలు ఎలా అర్థమయ్యాయి?" మొదటి రెండు నెలలు హాస్టల్లో ఏడ్చానని దాచకుండా చెప్పింది. ఆ తర్వాత అంది: "త్వరణం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. యాక్సిలరేషన్‌ అన్న మాటే తెలియదు." ఒక చిన్న పుస్తకంలో ఎడమవైపు జడత్వం, వక్రీభవనం, ఉత్ప్రేరకం అని తెలుగులో రాసుకుని, కుడివైపు ఇంగ్లిష్‌ మాట రాసుకునేదట. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చేనాటికి ఆ పుస్తకంతో అవసరం తీరిపోయిందట. మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్‌లో, పక్క పేజీ తెలుగులో ఉంది. దయచేసి రెండూ చదివించండి. ఇంగ్లిష్‌ మాధ్యమంలో చేరాక తెలుగు పేజీ ఎందుకని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు ఈ అమ్మాయే.

తర్వాత ఆమె ఒక కటకం (లెన్స్‌) గురించి అడిగింది. మన ప్రయోగశాల అల్మరాలో అప్పట్లో ఒకే ఒక్క కుంభాకార కటకం ఉండేది, అంచు కాస్త విరిగింది. కిటికీ బయటి వేపచెట్టు ప్రతిబింబం గోడ మీద తలకిందులుగా స్పష్టంగా పడేదాకా దాన్ని ముందుకూ వెనక్కూ జరిపి, గోడకూ కటకానికీ మధ్య దూరం కొలిస్తే నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చే కాంతిని కటకం ఎంత దూరంలో ఒకచోట చేరుస్తుందో ఆ కొలత, వస్తుంది. మూడుసార్లు కొలిస్తే మూడు రకాలుగా వచ్చింది. అన్నీ ఇరవై అని రాసేద్దామని తోటి పిల్లలు అన్నారు. అప్పటి భౌతికశాస్త్రం సారు ఒప్పుకోలేదు. వచ్చింది వచ్చినట్టు రాసి, సగటు తీసి, తేడా ఎందుకు వచ్చిందో కింద ఒక వాక్యం రాయమన్నారు. "బీటెక్‌ ప్రాజెక్టులో ఫలితం అనుకున్నట్టు రాక నాలుగు రోజులు తల పట్టుకున్నాను. అంకెలు మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆ అలవాటు ఈ గదిలోనే పడింది" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ సారు పదవీ విరమణ చేశారు. సాయంత్రమే ఫోను చేసి చెప్పాను.

ఇక మన లోపం. ఇది కూడా మీకు చెప్పడం నా బాధ్యత. "ఇక్కడ జవాబులన్నీ టీచర్లు చెబుతుంటే రాసుకున్నాం. అక్కడ పాఠం చెప్పి వెళ్లిపోతారు. ఏది ముఖ్యమో, ఏది రాసుకోవాలో నాకు తెలియలేదు. మొదటి పరీక్షలో మార్కులు బాగా తగ్గాయి" అని చెప్పింది. ఆమె ఎవరినీ నొప్పించాలని అనలేదు, కానీ గదిలో ఉన్న ఉపాధ్యాయులందరం తలలు దించుకున్నాం. ఆ ఏడాది పదో తరగతి పబ్లిక్‌ పరీక్షల్లో పదకొండు పేపర్లు ఉండేవి. అన్నీ పూర్తిచేయాలన్న తొందరలో మేం జవాబులు చెప్పి రాయించిన మాట నిజం. ఇప్పుడు ఆరు పేపర్లే. ఆ సాకు కూడా మాకు లేదు.

2020 మార్చిలో కరోనా వల్ల ఇంటికి వచ్చేసి, నెలల తరబడి ఫోనులోనే పాఠాలు విన్నప్పుడు, తనంతట తాను నోట్సు రాసుకోవడం తప్పక నేర్చుకుందట. పదిహేనేళ్ల వయసులో ఇక్కడే నేర్చుకోవలసిన పనిని అంత కష్టకాలంలో ఒంటరిగా నేర్చుకోవలసి వచ్చింది.

అందుకే ఉపాధ్యాయులందరం కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాం. డిసెంబరు నుంచి తొమ్మిది, పది తరగతుల్లో సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం జవాబులు మేం చెప్పి రాయించం. పాఠం చర్చించాక పిల్లలే సొంతంగా రాస్తారు. మేం దిద్ది, మళ్లీ రాయిస్తాం. నోటుపుస్తకాల్లో కొట్టివేతలు, అక్షర దోషాలు, సగం పేజీ జవాబులు కనిపిస్తాయి. వాటిని చూసి కోప్పడవద్దు. గైడు కొనిచ్చి అందులోది ఎక్కించమని చెప్పవద్దు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది మధ్యలో బడిలోనే జరిగే ఎఫ్‌ఏలో) సొంత రాతకు మార్కులు ఉన్నాయి. గైడులోని వాక్యాలు దిద్దే వారికి ఇట్టే తెలిసిపోతాయి. ఈసారి మార్కులు కొంత తగ్గవచ్చు. పదో తరగతి పిల్లల విషయంలో మీకు భయం ఉంటుందని తెలుసు. వారికి పాఠశాల వేళల తర్వాత రోజూ ఒక గంట ఉపాధ్యాయులు తోడుంటారు.

డిసెంబరు 6, శనివారం మధ్యాహ్నం ప్రయోగశాల తెరిచి ఉంచుతాం. పిల్లల నోటుపుస్తకం తీసుకుని వీలైన వారు రండి. పనికి వెళ్లేవారు సాయంత్రం ఆరింటిదాకా ఎప్పుడు వచ్చినా నేను ఉంటాను. ఆ పాత కటకం ఇంకా అల్మరాలోనే ఉంది. ఆ రోజు ఆ ప్రయోగం మీ పిల్లలు మీకు చేసి చూపిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు