ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాల్లో వాటా: ఏ రూపంలో ఇవ్వాలి?

సంపాదకులకు,

నమస్కారం. కొన్ని వారాలుగా మీ పత్రిక లేఖల పేజీలో ట్రాన్స్‌జెండర్ల గురించి సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. సిగ్నళ్ల దగ్గర, రైళ్లలో, గృహప్రవేశాల్లో డబ్బు కోసం ఒత్తిడి చేస్తున్నారని కొందరు పాఠకులు రాశారు. ప్రభుత్వాలు ఉచిత బస్సు ప్రయాణమూ పింఛనూ ఇస్తున్నా వీరు ఇంకా రోడ్డు మీదకు ఎందుకు వస్తున్నారని మరికొందరు అడిగారు. వాటికి జవాబుగా వచ్చిన లేఖల్లో సానుభూతి ఎక్కువగానూ సమాచారం తక్కువగానూ ఉంది. రెవెన్యూ శాఖలో ధ్రువపత్రాల సెక్షన్‌లో చాలా కాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా, ఈ చర్చలో ఇరుపక్షాలూ వదిలేసిన ఉద్యోగాల సంగతి, అందులోనూ రిజర్వేషన్‌ను ఏ రూపంలో ఇవ్వాలన్న సంగతి మీ పాఠకుల ముందుంచాలనుకుంటున్నాను.

వసూళ్ల గురించిన ఫిర్యాదును కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. గృహప్రవేశం నాడు గుమ్మంలో నిలబడి, వేలకు వేలు చేతిలో పెడితే తప్ప కదలమని బెదిరించడం ఎవరు చేసినా నేరమే. దానికి భారతీయ న్యాయ సంహితలో శిక్ష ఉంది, బాధితులు ఫిర్యాదు చేయడానికి వెనకాడనక్కరలేదు. అయితే ఒక పాఠకుడు చేసిన సూచన నన్ను కలవరపెట్టింది. ప్రతి పోలీసు స్టేషన్‌లో ఆ ప్రాంతపు హిజ్రాల పేర్లతో ఒక జాబితా ఉంచాలని, నగరానికి కొత్తగా వచ్చినవారు అక్కడ నమోదు చేయించుకోవాలని ఆయన రాశారు. అలాంటి జాబితాకు మన దగ్గర ఒక చట్టమే ఉండేదని, దాన్ని కోర్టు కొట్టివేసి ఎంతో కాలం కాలేదని ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు.

నిజాం పాలనలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాద్ సంస్థానం హిజ్రాల మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. నగరంలో నివసించే హిజ్రాల్లో పిల్లలను ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవారి పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో రాయించాలని అది ఆదేశించింది. ఆ రిజిస్టరుకెక్కినవారు ఆడవారి దుస్తులు ధరించి, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల వరకు జైల్లో పెట్టవచ్చు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టంలోని రెండో భాగం కూడా ఇదే ధోరణిలో ఉండేది. సంస్థానం పోయింది, భాషాప్రయుక్త రాష్ట్రం వచ్చింది, ఆ రాష్ట్రమూ రెండైంది. ఈ చట్టం మాత్రం పేరు మార్చుకుని పుస్తకాల్లో ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం 2023 జూలైలో ఈ చట్టం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తేల్చి కొట్టివేసింది. తెలంగాణలో నలభై ఏళ్లు దాటిన ట్రాన్స్‌జెండర్ ఎవరైనా సరే తన యౌవనమంతా, చీర కట్టుకుని బజారుకు వెళ్లడమే నేరమని చెప్పే చట్టం కింద గడిపినట్టే లెక్క. అది రోజూ అమలయిందా లేదా అన్నది వేరే విషయం. బెదిరించాలనుకున్నవారికి అది అందుబాటులో ఉంది, అంతే.

ఆ తీర్పు గురించి పత్రికల్లో వచ్చిన వార్తల్లో చట్టం కొట్టివేత మాత్రమే శీర్షికకెక్కింది. రెండో సగం అంతకంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. విద్యాసంస్థల ప్రవేశాల్లోనూ ప్రభుత్వ నియామకాల్లోనూ వీరికి రిజర్వేషన్ కల్పిస్తూ ఉత్తర్వులివ్వాలని, ఆసరా పింఛను వర్తింపజేయాలని ధర్మాసనం రాష్ట్రాన్ని ఆదేశించింది. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. జాతీయ న్యాయ సేవల సంస్థ వేసిన కేసులో 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీలు ఇచ్చిన తీర్పు వీరిని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా పరిగణించి రిజర్వేషన్లు కల్పించాలని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ అప్పుడే ఆదేశించింది. ఆ తర్వాత 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఉద్యోగాల్లో వివక్ష చూపరాదని చెప్పిందే తప్ప రిజర్వేషన్ మాట ఎత్తలేదు. చర్చ అంతా బిచ్చం చుట్టూ తిరగడానికి ఈ మౌనం కూడా ఒక కారణం.

ఇక రిజర్వేషన్ ఏ రూపంలో ఉండాలి? సులభంగా తోచేది, వీరందరినీ ఒక కులంలా లెక్కగట్టి బీసీ జాబితాలో ఏదో ఒక గ్రూపులో చేర్చేయడం. ఇది తప్పుదారి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మాదిగ కుటుంబంలోనో లంబాడా తండాలోనో పుట్టిన ట్రాన్స్‌వుమన్‌ను, అంటే మగపిల్లవాడిగా పెరిగి స్త్రీగా జీవిస్తున్న వ్యక్తిని, బీసీ అభ్యర్థిగా దరఖాస్తు చేయమంటే, పుట్టుకతో వచ్చిన ఎస్సీ, ఎస్టీ హక్కును వదులుకోమన్నట్టే. తాను అనుభవించే రెండు వెలివేతల్లో దేనికి పరిహారం కావాలో ఆమే తేల్చుకోవాలన్నమాట. మరోవైపు, ఉన్న వాటా ఏమాత్రం పెంచకుండా కొత్తవారిని చేరిస్తే ఆ గ్రూపులోని కులాలు అభ్యంతరం చెప్పడం సహజం, ఆ అభ్యంతరంలో న్యాయం కూడా ఉంది. తమిళనాడులో కుల ధ్రువపత్రం లేని ట్రాన్స్‌జెండర్లను అత్యంత వెనుకబడిన తరగతుల్లో చేర్చారు. చివరకు 2024లో మద్రాసు హైకోర్టు ఒక శాతం సమాంతర రిజర్వేషన్ ఇవ్వాలని చెప్పవలసి వచ్చింది.

సమాంతర రిజర్వేషన్ అంటే ఏమిటో గ్రూప్స్ పరీక్షలు రాసే ప్రతి అభ్యర్థికీ తెలుసు, ఎందుకంటే మహిళలకూ దివ్యాంగులకూ మన రెండు రాష్ట్రాల్లో ఇస్తున్నది అదే. ఎస్సీలకు కేటాయించిన పోస్టుల్లో ఎస్సీ మహిళలకు, బీసీ పోస్టుల్లో బీసీ మహిళలకు వాటా ఉన్నట్టే, ప్రతి కేటగిరీలోనూ ఆ కేటగిరీకి చెందిన ట్రాన్స్‌జెండర్లకు ఒక శాతం ఉంటుంది. ఎవరి కులం వారికే ఉంటుంది, ఒక కులపు వాటా మరొకరికి పోదు. కర్ణాటక 2021 జూలైలో తన సర్వీసు నిబంధనలను సవరించి ఈ పద్ధతిని అమలు చేసిన తొలి రాష్ట్రమైంది. అర్హులైన ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి దొరకకపోతే ఆ పోస్టును అదే కేటగిరీలోని స్త్రీ లేదా పురుష అభ్యర్థితో నింపాలని కూడా అక్కడ రాసుకున్నారు కాబట్టి పోస్టు ఖాళీగా మిగిలే ప్రశ్నే లేదు.

మహిళా అభ్యర్థుల నుంచి వినిపిస్తున్న ఆందోళనకూ ఇందులోనే సమాధానం ఉంది. ట్రాన్స్‌వుమన్‌లను మహిళల కోటాలో చూపితే తమ పోస్టులు తగ్గుతాయని వారి భయం. వాటా విడిగా ఉన్నప్పుడు ఆ భయానికి ఆధారం ఉండదు. పైగా ఇరుపక్షాల లేఖల్లోనూ ఒక్కసారైనా ప్రస్తావనకు రాని ట్రాన్స్‌మెన్‌కు, అంటే ఆడపిల్లలుగా పెరిగి పురుషులుగా జీవిస్తున్నవారికి, మహిళల కోటా ఎలాగూ పనికిరాదు. వారు సిగ్నళ్ల దగ్గర కనిపించరు కాబట్టి మన చర్చలోనూ కనిపించడం లేదు. ఎన్నికల సంగతి వేరు. ఒక వార్డుకు ఒకే సీటు ఉంటుంది, అక్కడ శాతాలు పనిచేయవు. అందుకే 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం జల్గావ్ జిల్లాలోని ఒక గ్రామ పంచాయతీలో మహిళా రిజర్వుడు వార్డు నుంచి ట్రాన్స్‌వుమన్ పోటీకి అనుమతించింది. ఆ తర్కాన్ని తెచ్చి ఉద్యోగాలకు అతికించడం సరికాదు.

ఒక శాతం ఎక్కువ కాదా అనే ప్రశ్న న్యాయమైనదే. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’గా నమోదైనవారు 43,769 మంది, దేశం మొత్తం మీద 4,87,803 మంది. ఉమ్మడి రాష్ట్ర జనాభాతో పోలిస్తే ఇది లక్షకు 52 మందికి మించదు. కానీ ఇంటి యజమానో పెద్దకొడుకో సమాధానాలు చెప్పే జనగణనలో, ఇల్లు విడిచి వెళ్లిపోయిన సంతానాన్ని ఆ కుటుంబాలు ఏ గడిలో రాయించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, లెక్క ఎలా వేసినా చిన్న నోటిఫికేషన్‌లో అర శాతానికి ఒక్క పోస్టు కూడా రాదు. 2024లో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ 563 పోస్టులకు వచ్చింది. అందులో ఒక శాతం అంటే ఐదు పోస్టులు, అవి కూడా నిండకపోతే అదే కేటగిరీకి తిరిగి వెళ్లేవి. ఐదు పోస్టుల వల్ల నిరుద్యోగుల భవిష్యత్తు తలకిందులవుతుందని వాదించేవారు మరోసారి ఆలోచించాలి.

ఇప్పటిదాకా జరిగిందేమీ లేదని నేను అనడం లేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకంలోనూ, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్త్రీశక్తి పథకంలోనూ మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకు ఉచిత బస్సు ప్రయాణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వీరికి నెలకు రూ. 4,000 పింఛను అందుతోంది. కానీ పని చేయగల వయసులో, పని చేయాలన్న కోరిక ఉన్న మనిషికి పింఛను ఇచ్చి ఊరుకోవడం, నీకు పని దొరకదని ప్రభుత్వమే సంతకం పెట్టి చెప్పడం లాంటిది. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో 39 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. నిన్నటిదాకా ఏ కూడళ్ల నుంచి తరిమారో అవే కూడళ్లలో యూనిఫాంతో నిలబెట్టడం మంచి నిర్ణయం, దాన్ని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అయితే అవి హోంగార్డుల తరహా కొలువులు, సర్వీసు నిబంధనల్లో చోటు సంపాదించిన ఉద్యోగాలు కావు. ఒక ప్రభుత్వం మంచి మనసుతో ఇచ్చినదాన్ని మరో ప్రభుత్వం ఉత్తర్వు అవసరం లేకుండానే ఆపేయగలదు.

ఉద్యోగం ఒక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. 2017లో కొచ్చి మెట్రో దేశమంతా మెచ్చుకునేలా ట్రాన్స్‌జెండర్లను ఉద్యోగాల్లోకి తీసుకుంటే, వచ్చే జీతానికి నగరంలో ఇల్లు అద్దెకు దొరక్క వారిలో కొందరు త్వరలోనే మానేశారు. ప్రైవేటు రంగంలో పరిస్థితి ఇంకా కష్టం. ఉత్తరప్రదేశ్, గుజరాత్‌లలోని రెండు ప్రైవేటు పాఠశాలలు ఒక ట్రాన్స్‌వుమన్ ఉపాధ్యాయురాలిని ఏడాదిలోపే వదిలించుకున్న కేసులో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఆమెకు పరిహారం మంజూరు చేసి, సమాన అవకాశాల విధానం రూపొందించడానికి జస్టిస్ ఆశా మీనన్ అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల అధికారిని నియమించాలని 2019 చట్టం పదకొండో సెక్షన్ అప్పటికే చెప్పింది. మన జిల్లాల్లో ఎన్ని కార్యాలయాల గోడల మీద ఆ అధికారి పేరు కనిపిస్తుందో మీ విలేకరులు ఒకసారి తిరిగి చూస్తే మంచి కథనం అవుతుంది.

నా అనుభవానికి సంబంధించిన ఒక మాట. నియామకాల్లో అభ్యర్థి అసలు చిక్కు పరీక్ష దగ్గర రాదు, ధ్రువపత్రాల పరిశీలన దగ్గర వస్తుంది. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు, కుల ధ్రువపత్రంలో తండ్రి రాయించిన మూడో వివరం ఉంటాయి. కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రానికి వైద్య పరీక్ష, శారీరక పరీక్ష అడగకూడదని, ముప్పై రోజుల్లో ఇవ్వాలని 2019 చట్టం కింద చేసిన 2020 నాటి నిబంధనల్లో స్పష్టంగా రాశారు. అయినా కింది స్థాయిలో డాక్టరు సర్టిఫికెట్ తెమ్మని తిప్పి పంపిన ఫైళ్లు నా కళ్ల ముందే నడిచాయి. గుమస్తాలకు దురుద్దేశం ఉండి కాదు, కాగితానికి కాగితం జత చేయడం మా శాఖ అలవాటు. గుర్తింపు పత్రం ఉన్న అభ్యర్థికి మిగతా పత్రాల్లో పేరు తేడా ఉంటే ఏం చేయాలో సర్వీస్ కమిషన్లు ముందే ఒక సర్క్యులర్ ఇస్తే ఈ బాధ సగం తగ్గుతుంది.

కాబట్టి రెండు ప్రభుత్వాలనూ కోరేది ఇది. రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలను సవరించి అన్ని కేటగిరీల్లో ఒక శాతం సమాంతర రిజర్వేషన్ చేర్చాలి. 2023 నాటి హైకోర్టు ఆదేశంపై ఏ శాఖ ఏం చేసిందో తెలంగాణ ప్రభుత్వం బహిరంగపరచాలి. ముఖ్యంగా పోలీసు నియామకాల్లో ఎత్తు, పరుగు, ఛాతీ కొలతల ప్రమాణాలను నోటిఫికేషన్‌కు ముందే నిర్ణయించాలి. తమిళనాడులో తొలి ట్రాన్స్‌జెండర్ ఎస్సై పృథికా యాషిని 2015లో హైకోర్టు మెట్లెక్కితే తప్ప ఉద్యోగంలో చేరలేకపోయారు. మహారాష్ట్రలో 2022 డిసెంబరులో నియామక ప్రక్రియ మొదలైన తర్వాత, కోర్టు మందలించాక గానీ ఈ ప్రమాణాల గురించి ఆలోచించలేదు. మన బోర్డులు కూడా అలాగే వదిలేస్తే, ఫలితాలు వెలువడే వేళకు ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లక తప్పదు, స్టే రాక తప్పదు. అప్పుడు ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో చదివిన వేలమంది యువకుల జాబితా కూడా ఆ ఒక్క పిటిషన్ కింద ఆగిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
హనుమకొండ